ఆన్ చేస్తే పనిచేస్తుందా? పాత కంప్యూటర్లు, మ్యూజియాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేశాను. ఇప్పుడు మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో ఒక గది నిండా పాత యంత్రాలే. వాటిలో మోయగలిగినవాటిని ఆటోలో వేసుకుని బళ్లకు, కాలేజీలకు తీసుకెళ్లి చూపిస్తుంటాను. ఎక్కడికి వెళ్లినా అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. పెద్ద పెద్ద మ్యూజియాలు ఈ పని ఎలా చేస్తాయో, నా గదిలో నేను ఎలా చేస్తానో రెండూ కలిపే చెప్పాను. వాళ్ల దగ్గర డబ్బుంది, నా దగ్గర తీరిక ఉంది. అంతే తేడా.

కంప్యూటర్‌కు మ్యూజియం ఏమిటండీ? నిన్నగాక మొన్నటి వస్తువు కదా!

ఇది అడిగేది పిల్లలు కాదు, పెద్దవాళ్లే. రాతి విగ్రహం వెయ్యేళ్లు మట్టిలో ఉన్నా, తవ్వి తీసి కడిగితే విగ్రహమే. కంప్యూటర్‌ను ఇరవై ఏళ్లు అటక మీద పెట్టి దించండి, అప్పుడు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో 1086లో రాజు తన రాజ్యంలోని భూములు, పశువులు, మరలు అన్నీ లెక్క రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు అలాంటిదే కొత్తది తయారుచేశారు. దేశమంతటా బడిపిల్లల చేత తమ ఊళ్ల గురించి రాయించి, ఫొటోలతో సహా లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే కరువయ్యాయి. సమాచారాన్ని బయటికి లాగడానికి నిపుణులు నానా తంటాలు పడాల్సి వచ్చింది. చర్మపు కాగితాల మీద సిరాతో రాసిన పాత పుస్తకం మాత్రం ఇప్పటికీ తెరిస్తే చదవవచ్చు.

పైగా మన ఇళ్లలో పాత ఇత్తడి బిందెకు ఉన్న మర్యాద పాత మానిటర్‌కు లేదు. పూజించేంత పాతది కాదు, పనికొచ్చేంత కొత్తది కాదు. సరిగ్గా ఈ వయసులోనే వస్తువులు పాత సామాన్ల బండి ఎక్కేస్తాయి.

మన ఊరి కంప్యూటర్ చరిత్ర సైబర్ టవర్స్‌తోనే మొదలైందా?

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అప్పటికే ఈ ఊరికి కంప్యూటర్‌తో మూడు దశాబ్దాల పరిచయం. సిటీ బస్సు మీద 'ఈసీఐఎల్' అన్న పేరు రోజూ చూస్తూనే ఉంటాం, అది కేవలం ఒక స్టాపు పేరని అనుకునే కుర్రవాళ్లు చాలామంది. అణుశక్తి విభాగం కింద 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ అది. దాన్ని నిలబెట్టినవారు ఏ.ఎస్. రావు గారు, ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిందే. 1969 నాటి టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్ ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుంది, అందుకే పేరులో ట్రాంబే ఉంది. దాన్ని తయారుచేసి అమ్మింది మాత్రం ఈసీఐఎల్. ఆ తరువాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

పిల్లలకు టీడీసీ అంటే కళ్లలో వెలుగు రాదు. అందుకే నేను ఓటింగ్ యంత్రంతో మొదలుపెడతాను. దాని నమూనాను ఈసీఐఎల్ 1979లోనే తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. 'మీ అమ్మమ్మ నొక్కిన మీట మన కుషాయిగూడ పక్కన పుట్టింది' అనగానే వెనక బెంచీ కూడా ముందుకు వంగుతుంది.

ఇంకో సంగతి. 1978లో ఐబీఎమ్ మన దేశం నుంచి వెళ్లిపోయింది. అది అమ్మిన, అద్దెకిచ్చిన యంత్రాల బాగోగులు సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ నెత్తిన పడ్డాయి. కొత్త భాగాలు దొరకడం కష్టం, బ్యాంకుల్లో, రైల్వేల్లో పని మాత్రం ఆగకూడదు. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ రోజుల్లో తయారైన మనిషి. బోర్డు పాడైతే బోర్డు మార్చడం ఆయనకు అవమానం. ఏ చిప్పు పోయిందో కనిపెట్టి, దాన్ని మాత్రమే ఊడదీసేవారు. ఇప్పుడు మ్యూజియాలవాళ్లు 'పరిరక్షణ' అని పెద్ద పేరుతో చేసే పనికి కావలసింది ఆ పనితనమే.

పాత కంప్యూటర్ దొరికింది. ఆన్ చేసి చూడవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఈ ఒక్క జవాబు గుర్తుంటే మిగతా పేజీ చదవకపోయినా ఫరవాలేదు.

ముందు కవరు విప్పండి. 386, 486 అనే చిప్పుల కాలం మదర్‌బోర్డుల (లోపలి ప్రధాన బోర్డుల) మీద చాలావాటికి ఒక మూల చిన్న పీపా ఆకారంలో నీలం రంగు బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీ, సమయం గుర్తుంచుకోవడం దాని ఉద్యోగం. ఏళ్లు గడిచాక అది కారుతుంది. కారిన క్షారం బోర్డు మీది సన్నని రాగి దారుల్లోకి పాకుతుంది. మొదట తెల్లని పొడి, తరువాత నెమలిపింఛం లాంటి ఆకుపచ్చ. చూడటానికి ఎంత అందంగా ఉందో రోగం అంత ముదిరిందని లెక్క. బ్యాటరీని కత్తిరించి పారేసి, పాత టూత్‌బ్రష్‌ను కాస్త వెనిగర్‌లో ముంచి రుద్దితే సన్నగా బుసబుసమంటుంది. అది ఆగేదాకా రుద్ది, శుభ్రమైన నీటితో, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. అప్పుడు భూతద్దం పెట్టి తెగిన దారులను ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి. తెగినచోట వెంట్రుకంత తీగ వేసి కలపాలి. ఒక బోర్డుకు నాకు పదకొండు రోజులు పట్టింది. మా ఆవిడ ఆ పదకొండు రోజులూ భోజనాల బల్ల మీద ఆశ వదులుకుంది.

తరువాత పవర్ సప్లై. కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు వయసు మళ్లాక ఫట్‌మని పగిలి గది నిండా పొగ కక్కుతాయి. అందుకే మొదటిసారి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టరు. మన రిపేరు షాపుల్లో ఎప్పటినుంచో ఉన్న ఉపాయం సీరీస్ బల్బు. యంత్రానికి వరుసలో నూరు వాట్ల పాత రకం బల్బు కలుపుతాం. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి ఆ భారం తనమీద వేసుకుంటుంది, యంత్రం బతుకుతుంది. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే మంచి శకునం. పెద్ద మ్యూజియాల్లో వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచే వేరియాక్ వాడతారు. మన బల్బుకు అది పెద్దన్న.

మ్యూజియంలో యంత్రాన్ని నడిపి చూపించాలా, అద్దాల పెట్టెలో ఉంచాలా?

ఈ వాదన తెగేది కాదు. మన ఊళ్లోనే రెండు పక్షాలకూ సాక్ష్యం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. గాలి తగిలితే పాడవుతుందని నైట్రోజన్ నింపిన పెట్టెలో బిగించారు. అది అలాగే ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ఉంది. గంట అయ్యేసరికి గడ్డం మనిషి బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. పన్నెండు కావస్తుంటే జనం పిల్లలను భుజాలకెత్తుకుని నిలబడతారు. పక్క గదుల్లో ఎన్ని అపురూపాలున్నా ఆ నిమిషంలో అందరూ అక్కడే. అది ఆగిపోయి ఉంటే ఎవరైనా అలా ఎదురుచూసేవారా?

నేను గడియారం పక్షం. కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో రెండు ఐబీఎమ్ 1401 యంత్రాలను రిటైరైన ఇంజినీర్లు ఏళ్ల తరబడి కష్టపడి బతికించారు. ఇప్పుడు సందర్శకుల ముందు చిల్లుల అట్టకార్డులు గలగలా మింగుతాయి, ప్రింటర్ దడదడలాడుతుంది. అక్కడే పీడీపీ-1 అనే మరో పాత కంప్యూటర్ మీద 1962 నాటి 'స్పేస్‌వార్' ఆట ఆడి చూపిస్తారు.

అయితే నడిపిన ప్రతిసారీ యంత్రం కొంత అరుగుతుంది. భాగం మార్చిన ప్రతిసారీ అసలుతనం కొంత తగ్గుతుంది. అందుకు మ్యూజియాలవాళ్లు పాటించే నియమం ఒకటుంది. తీసిన ముక్కను పారేయరు, చీటీ కట్టి దాస్తారు. ఏ రోజు ఏది మార్చారో రాసిపెడతారు, చేసిన మార్పును రేపు ఎవరైనా వెనక్కి తీసేలా చేస్తారు. ఒకే ఒక్క ప్రతి మిగిలిన యంత్రమైతే ముట్టుకోరు, దాని నకలు తయారుచేసి నడుపుతారు. అసలుది మిగలకపోయినా నకలే దారి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు ఛేదించిన బ్రిటిష్ కంప్యూటర్ కొలోసస్ అలా మళ్లీ పుట్టిందే. యుద్ధం తరువాత దాన్ని ముక్కలు చేసి, పటాలు కాల్చేశారు. టోనీ సేల్ అనే ఇంజినీరు బృందం కొన్ని ఫొటోలు, పాత ఇంజినీర్లు దాచుకున్న సర్క్యూట్ల తునకలు పట్టుకుని దాన్ని తిరిగి కట్టి 2007లో నడిపించింది.

మన ఎండలకు, వానలకు ఇవి ఆగుతాయా?

ఎండ కన్నా వానాకాలం ప్రమాదం. జూలై నుంచి సెప్టెంబరు దాకా నా ఫ్లాపీలు, టేపులు మూతబిగించిన డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలతో కాపురం చేస్తాయి. గది గోడకు ఆనించి ఏదీ పెట్టను. మిగతాది దుమ్ము దులపడమే.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయవచ్చా?

హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కుతుంది, ఈలోగా ప్లాస్టిక్ పెళుసు కూడా కావచ్చు. మ్యూజియాలవాళ్లు సాధారణంగా అలాగే వదిలేస్తారు. నేనూ అంతే. ముసలివాళ్లకు జుట్టుకు రంగు వేయమని ఎవరు బలవంతపెట్టగలరు?

ఫ్లాపీల్లో ఉన్నది ఇప్పటికీ చదవవచ్చా?

చాలాసార్లు వీలవుతుంది. నేను చూసినంతవరకు 1980ల నాటి అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలు, తరువాత వచ్చిన మూడున్నర అంగుళాలవాటికన్నా మొండివి. మొదట అంచున ఉండే రాత నిరోధక ఏర్పాటు చేయాలి, లేకపోతే కంప్యూటరే దాని మీద ఏదైనా రాసేయవచ్చు. అయిదుంపావుదైతే పక్కనున్న గాటు మీద బిళ్ల అంటించాలి, మూడున్నరదైతే మూల కిటికీ తెరవాలి. తరువాత వెలుతురులో డిస్కు ఉపరితలం చూడాలి. బూజు మచ్చలుంటే డ్రైవులో పెట్టకూడదు. బూజు డ్రైవు హెడ్‌కు అంటుకుని, ఆ తరువాత పెట్టే ప్రతి ఫ్లాపీనీ గీకుతుంది.

మామూలు డ్రైవు 'చదవలేను' అంటే అక్కడితో ఆగనక్కర లేదు. ఫైళ్ల సంగతి పక్కనపెట్టి, డిస్కు మీద అయస్కాంత దిశ మారిన ప్రతి చోటునూ సమయంతో సహా నమోదుచేసే చిన్న బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ముందు ఆ గీతల పటం తీసుకుని, అందులో ఏముందో తీరిగ్గా కంప్యూటర్ మీద తేల్చుకోవచ్చు. శిలాశాసనం మీద కాగితం వేసి ముద్ర తీసుకోవడం లాంటిదే. చదవడం తరువాతి సంగతి.

ఫైలు తెరుచుకుంది గానీ తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తున్నాయి. పాడైందా?

పాడవలేదు. అది పూర్తిగా మన సమస్య, ఏ విదేశీ మ్యూజియమూ వచ్చి తీర్చదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రపంచ లిపుల్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 128 స్థానాల గది 1991లోనే ఇచ్చారు. కానీ అది మన డీటీపీ షాపుల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మామూలు కంప్యూటర్లలో తెలుగు సొంతంగా కుదురుకుంది. అంతకుముందు శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, పత్రికలు అన్నీ ఎవరి ఫాంటులో వారు చేసుకున్నవే. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు ముక్కలు పెట్టేవి. అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ప్రతి వత్తూ ఒక ముక్క. కంప్యూటర్‌కు తెలుగు తెలియదు, బొమ్మలు పక్కపక్కన పేర్చడమే తెలుసు. ఫాంటు లేకపోతే ఇంగ్లిషు గజిబిజి మిగులుతుంది.

'శ్రీ' తీసుకోండి. యూనికోడ్ దాన్ని పలికే వరుసలో దాస్తుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు. పాత ఫాంటు కనిపించే ఆకారం ప్రకారం దాస్తుంది. దీర్ఘంతో కలిసిన శ ఆకారం ఒకటి, క్రావడి ఒకటి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఫాంటు చేసినవారి ఇష్టం. కాబట్టి ప్రతి ఫాంటుకూ విడిగా పట్టిక తయారుచేసుకుంటే తప్ప మార్చలేం.

రెండేళ్ల కిందట ఒకావిడ వాళ్ల నాన్నగారి ఫ్లాపీలు తెచ్చారు. డ్రైవు నాలుగింటిని చదివింది. ఒకదాంట్లో చిన్న ఫైలు, నిండా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, అర్థంకాని గీతలు. ఏ ఫాంటో తెలియదు. అయితే కుడివైపు అంకెలు మాత్రం అంకెలుగానే ఉన్నాయి, కాబట్టి ఏదో పద్దు. ఒక వరుస చివర 'కిలో' అనిపించే ముక్క మాటిమాటికీ వస్తోంది. అది 'కిలో'నే అనుకుంటే క, గుడి, ల, ఓత్వం దొరికినట్టే. ఆ నాలుగింటితో మిగతావి కూడబలుక్కుంటూ పోతే పూర్తిగా చదవగలిగిన తొలి మాట 'బెల్లం'. రాత్రి పన్నెండింటికి బెల్లం అని గట్టిగా అరిచానట. అది ఆవిడ పెళ్లికి వంటవాళ్లకు ఇచ్చిన సరుకుల చిట్టా.

మ్యూజియంలో కంప్యూటర్ ఉంటే చాలదు అని నేను పోరేది ఇందుకే. ఆ ఫాంటు ఫైలు, దాని కీబోర్డు పటం, వాడినవాళ్ల చేతిరాత నోట్సు, ఇవి లేకపోతే యంత్రం ఆన్ అయినా మూగదే.

సాఫ్ట్‌వేర్‌ను ఎలా దాస్తారు?

డిస్కు నకలుతో పాటు, దొరికితే సోర్స్ కోడ్ కూడా, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం. కంపెనీల అనుమతితో, విండోస్‌కు ముందు పీసీలను నడిపిన ఎంఎస్-డాస్ తొలి రూపాలను, ఫోటోషాప్ మొదటి వెర్షన్ కోడ్‌ను కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరూ చదివేలా పెట్టింది. నడిపి చూడాలంటే ఎమ్యులేటర్లున్నాయి, అంటే కొత్త కంప్యూటర్ పాతదాని వేషం కట్టడం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ డాస్ ఆటలు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ఎమ్యులేటర్‌లో యంత్రం తెలివి వస్తుంది, బరువు రాదు. ఫ్లాపీ డ్రైవు గురగుర, మానిటర్ వేడెక్కిన వాసన రావు.

పిల్లలకు ఇదంతా విసుగు కాదా?

అద్దం వెనక పెట్టి 'తాకరాదు' అని రాస్తే విసుగే. నేను పంచ్ కార్డు చేతికిస్తాను, చిల్లుల రూపంలో కంప్యూటర్‌కు సమాచారం అందించిన అట్టముక్క అది. 80 నిలువు వరుసలు, 12 అడ్డ వరుసలు. ఒక్కో నిలువు వరుసలో ఒక అక్షరం. పట్టిక బోర్డు మీద రాసి, పేరుకు తగ్గట్టు, చిల్లులకు బదులు పెన్సిలుతో గళ్లు నింపమంటాను. ఇరవై నిమిషాలు తరగతిలో చీమ చిటుక్కుమనదు. తరువాత అందరి కార్డులూ పోగుచేసి, కావాలనే చేయి జార్చి కింద పోస్తాను. 'ప్రోగ్రాములో ఒక్కో లైను ఒక్కో కార్డు. ఇప్పుడు వరుస ఎలా కలుపుతారు?' ఎవరో ఒకరు అంకెలు వేయమంటారు. అప్పుడు పాతవాళ్ల చిట్కా చూపిస్తాను. కార్డుల కట్ట అంచు మీద ఏటవాలుగా స్కెచ్ పెన్నుతో ఒక గీత గీస్తే చాలు, ఏ కార్డు తప్పిపోయినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. మెహిదీపట్నం దగ్గర ఒక బడిలో అయిదో తరగతి పాప నేను చెప్పకముందే ఆ గీత గీసింది.

అయస్కాంతపు పూసల మెమరీ కూడా చూపిస్తాను. ఆవగింజంత ఉంగరాల్లోంచి చేత్తో తీగలు దూర్చి అల్లినది, ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. పూసలు గుచ్చే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు దాని కష్టం నాకన్నా బాగా తెలుస్తుంది.

మ్యూజియంలో ఏవి ఉండాలంటారు?

నన్నడిగితే, యంత్రాల కన్నా ముందు అమీర్‌పేట. 1990ల చివర ఏడాదిని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములను సరిదిద్దడానికి ప్రపంచానికి కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు కావలసి వచ్చారు. అలాంటి కోర్సులు నేర్పిన అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఒకదానిపై ఒకటి అంటించిన కోర్సుల కరపత్రాలు, జిరాక్స్ నోట్సు, హాస్టల్ గదుల అద్దె చీటీలు, ఇవి చరిత్ర కావా? 2001 నాటి ఈ-సేవ కౌంటరు టోకెను ఎవరి దగ్గరైనా ఉందా? డేటా ఎంట్రీ చేసిన ఆడవాళ్లు, టేపులు మార్చిన నైట్ షిఫ్టు ఆపరేటర్లు చెప్పే మాటలు రికార్డు చేయాలి. పెద్ద మ్యూజియాలు ఇలాంటి సంభాషణలు వందలకొద్దీ నమోదుచేసి దాచాయి. మనకు ఫోను చాలు. నుమాయిష్‌లో ఒక స్టాలు వేసి 'మీ మొదటి కంప్యూటర్ కథ చెప్పండి' అని బోర్డు పెడితే నెలన్నరలో ఎంత పోగవుతుందో ఊహించుకోండి.

మా ఇంట్లో ఉన్నది ఇస్తే మ్యూజియం తీసుకుంటుందా?

అన్నీ తీసుకోదు, నొచ్చుకోకండి. అదే మోడలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉండవచ్చు. తీసుకుంటే దానపత్రం రాయించుకుంటారు. ముందుగా సొంత ఫైళ్లు కాపీ చేసుకుని, బ్యాంకు కాగితాల వంటివి తొలగించడం మీ పని. తుడిచి మెరిపించకండి, పాత స్టిక్కర్లు పీకకండి. మాన్యువల్, బిల్లు, పెట్టె ఉంటే వాటిని కూడా ఇవ్వండి. ఒక్కోసారి బిల్లు కోసమే యంత్రాన్ని తీసుకుంటారు. ఎవరికీ అక్కర్లేదని తేలితే అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి, వీధిలో తీగలు కాల్చేవాళ్లకు వద్దు.

మీ దగ్గరికి తెస్తే బాగుచేస్తారా?

తెండి. డబ్బు వద్దు. తెచ్చేముందు ఆన్ చేయకండి. ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి యంత్రానికి అంటించండి: ఎవరు వాడారు, ఏ పనికి వాడారు, చివరిసారి ఎప్పుడు పనిచేసింది. మొన్న వచ్చిన ఒక డబ్బాకు అంటించిన కాగితంలో మూడో ప్రశ్నకు జవాబు, 'తమ్ముడు ఇంటర్ ఫలితాలు చూసిన రోజు.'